పర్లాకిమిడిలో ట్యాంకు మీటరు: మూడో ఆదివారం

ఈ వారం మా మేడ మీది గదికి ఎనిమిది మంది వచ్చారు. అందరూ డిగ్రీ, బీటెక్ చదివేవాళ్లే. కొందరు తెలుగులో అడుగుతారు, కొందరు ఒడియాలో. నేను రెండూ కలిపే చెబుతాను. చేస్తున్నది ఒకటే పని: డాబా మీద ట్యాంకులో నీళ్లు ఎంత ఉన్నాయో కింద వంటింట్లో చూపించే మీటరు.

పోయిన వారం మీటరును నడిపే ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్పుది) బాగానే నడిచింది. వైఫై ఆన్ చేస్తే మాత్రం వెంటనే రీసెట్ అయిపోయేది. రెండు గంటలు కోడే తిరగేశాం. ఈసారి ముందు వోల్టేజీ కొలిచే మల్టీమీటరు తీశాం. ఈఎస్‌పీ32 బోర్డు 5 వోల్టుల పిన్ దగ్గర మామూలుగా 4.9 ఉంది, వైఫై మొదలవగానే 4.3కి పడింది. వైఫై సిగ్నల్ పంపేటప్పుడు ఈ చిప్పు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, మా యూఎస్‌బీ కేబులేమో సన్నది. లావు కేబుల్ మార్చి, 3.3 వోల్టుల పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టాం, అది కాస్త కరెంటు నిల్వ ఉంచుకుని అవసరమైన క్షణంలో ఇస్తుంది. దాని మైనస్ కాలు గ్రౌండ్‌కే పోవాలి, తిరగేస్తే పేలుతుంది. ఆ తర్వాత గంటసేపు వదిలేసినా ఒక్క రీసెట్ లేదు.

సెన్సర్ హెచ్‌సీ-ఎస్‌ఆర్04. చెవికి వినపడని శబ్దం పంపి, అది తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలుస్తాం. ఇది 5 వోల్టులతో నడుస్తుంది, దాని ఎకో పిన్ నుంచి వచ్చేదీ 5 వోల్టులే. ఈఎస్‌పీ32 పిన్నులు తట్టుకునేది 3.3. అందుకని మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లు వేసి వోల్టేజీ తగ్గించాం. ఈ రెండు రెసిస్టర్లను ప్రతి ఒక్కరి చేతా సోల్డర్ చేయించాను. రెడీమేడ్ కిట్ ఇస్తే గంటలో అయిపోయేదే. కానీ టంకం కరిగి కాలు చుట్టూ మెరుస్తూ పాకడం ఒకసారి కళ్లారా చూసినవాళ్లకు లూజు జాయింట్ ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది.

ఎండ సంగతి నేనూ అనుకోలేదు. టేపుతో సరిగ్గా 100 సెంటీమీటర్లు కొలిచి పెడితే సెన్సర్ డాబా మీద 97 చూపించింది. వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది: 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 దగ్గర 355. మేం మాత్రం శబ్దం వెళ్లి తిరిగి రావడానికి సెంటీమీటరుకు 58 మైక్రోసెకన్లని ఒకే లెక్క వేశాం. ఒక అమ్మాయి ఉష్ణోగ్రత సెన్సర్ కూడా కలిపి లెక్క సరిచేసింది. ఇప్పుడు తేడా సెంటీమీటరు లోపే.

ట్యాంకు లోపలి తడికి ఈ సెన్సర్ ఆగదు. తడి తగిలినా పాడవని రకం తెప్పించాలి. అది 20 సెంటీమీటర్ల కన్నా దగ్గరది కొలవలేదు కాబట్టి దాన్ని మూత దగ్గర, నీళ్లకు కాస్త ఎత్తులో బిగించాలి, గోడకు దూరంగా, నడిమధ్యకు.

డిస్‌ప్లే లైబ్రరీలో తెలుగు అక్షరాలు లేవు, ఒడియావీ లేవు. గ్రాఫ్ కాగితం మీద 128 అడ్డగళ్లు, 64 నిలువు గళ్లు గీసి, పిల్లలే ఒక్కో గడి నింపి ‘నీళ్లు’ అని రాశారు, కింద ఒడియా లిపిలో ‘పాణి’. దాన్నే బొమ్మగా ఎక్కించాం. ళ కింద లావత్తు మొదటిసారి గళ్లలో పట్టలేదు, రెండు వరుసలు పైకి జరిపాం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఆ రెండు మాటలూ ఒకే తెరపై వెలిగాయి. సాయంత్రం అమ్మ మేడెక్కి వచ్చి, కళ్లజోడు సర్దుకుని పైకే చదివింది.