మూత మీద నిప్పులు

"మూత అప్పుడే తియ్యకు, వాసన రానీ" అని ట్రైలర్ల క్యాంపులో పెద్దాయన ఒకరు నా చెయ్యి ఆపేశారు.

12 అంగుళాల డచ్ ఓవెన్, అంటే మూతున్న బరువైన ఇనప గిన్నె. కింద 8 బొగ్గులు, మూత మీద 17. లోపల పీచ్ కాబ్లర్, అదే పీచ్ పళ్ల మీద పిండి వేసి కాల్చే తీపి వంటకం, మగ్గుతోంది. మా అమ్మమ్మ దిబ్బరొట్టె కూడా అంతే, కిందా పైనా నిప్పులే, వాసనని బట్టే దించేది. ఆ మాట చెప్తే ఆయన మొహం వెలిగిపోయింది. "రేపు అదే చేద్దాం" అన్నారు.

మధ్యాహ్నం మా 1961 శాస్టా (వెనక రెక్కల్లాంటి రేకులుండే, కారుకి తగిలించి లాక్కెళ్లే పాత ట్రైలర్) కిటికీలోంచి నీళ్లు కారుతుంటే, అడక్కముందే పక్క ట్రైలర్ల వాళ్లు ముగ్గురు సందులు మూసే బ్యూటైల్ టేపుతో వచ్చేశారు. ఫ్రేము విప్పి, ఎండిపోయిన పాత బంకంతా గీకి, మళ్లీ బిగించారు. ఎంత ఓపికో!

ఇప్పుడు మళ్లీ చినుకులు. కిటికీ అంచు తడిమి చూశా, పొడిగా ఉంది.

మినప్పప్పు నానబోశా.