చదువుతున్న రోజులూ మన రోజులే

ఉద్యోగాల పోటీ పరీక్షల్లో నా ర్యాంకు ఎంతో ఇందులో రాయడం లేదు. మంచిదైతే చెప్పిందల్లా వేదం అంటారు, కాకపోతే అందని ద్రాక్ష అంటారు. ఎటైనా అసలు మాట పక్కకు పోతుంది. బుక్‌లిస్టు, టైమ్‌టేబుల్ కోసం వచ్చినవాళ్ళకు ముందే చెబుతున్నా, అవి బయట బోలెడున్నాయి. నేను రాస్తున్నది చదవని గంటల గురించి.

ప్రిపరేషన్ అంటే బతుకును తాకట్టు పెట్టడమని, ర్యాంకు వచ్చాక విడిపించుకోవచ్చని మనలో చాలామందికి గట్టి నమ్మకం. స్నేహితుడి ఫోను ఎత్తం. ఇంట్లోవాళ్ళతో కూర్చుని తినం, కంచం పట్టుకుని పుస్తకం ముందుకెళ్తాం. ఎవరైనా అడిగితే "అన్నీ ఉద్యోగం వచ్చాకే" అంటాం. టాపర్ల ఇంటర్వ్యూల్లోనూ త్యాగాల జాబితాకే చప్పట్లు ఎక్కువ. అవే త్యాగాలు చేసి ర్యాంకు రానివాళ్ళను మాత్రం ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యరు. అందువల్ల అన్నీ మానేసినందుకు వచ్చిందో, మానేసినా వచ్చిందో ఎప్పటికీ తేలదు.

1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, మరో ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఇలినాయ్ లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని ప్రశ్నించారు. వాళ్ళు మామూలు జనం కన్నా చెప్పుకోదగ్గంత ఆనందంగా ఏమీ లేరు. ఈ సంగతి చాలామంది ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. నన్ను ఆపేసింది దాని పక్కనున్న ఇంకో సంగతి. స్నేహితుడితో మాట్లాడటం, పొద్దున టిఫిన్ తినడం, జోకు వినడం, పత్రిక తిరగేయడం లాంటివి ఎంత బాగుంటాయని అడిగితే, గెలిచినవాళ్ళే వాటికి తక్కువ మార్కులు వేశారు. మనం "తర్వాత" అని వాయిదా వేస్తున్నవి సరిగ్గా ఇవే కదా!

చిన్న అధ్యయనం అది, 22 మందిని అడిగి లోకాన్ని తేల్చెయ్యలేం. లాటరీ వేరు, ఉద్యోగం వేరు. జీతంతో అప్పులు తీరతాయి, ఇంట్లో పెద్దవాళ్ళ మందులకు ఎవరినీ అడగక్కర్లేదు. ఉద్యోగంలో ఏముందిలే అని తేలిగ్గా అనేవాళ్ళను నేనైతే నమ్మను, వాళ్ళకు సాధారణంగా ఉద్యోగం ఉండే ఉంటుంది. కానీ ర్యాంకు రాగానే ఈ చిన్న చిన్న వాటి రుచి దానంతటదే తిరిగొస్తుందన్న లెక్క మాత్రం నాకు కుదరడం లేదు.

మనకు ఇంకా దగ్గరగా ఉండేది 1998లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ గిల్బర్ట్ బృందం ప్రచురించిన అధ్యయనం. యూనివర్సిటీలో పర్మినెంట్ కోసం ఎదురుచూస్తున్న అధ్యాపకులను, వస్తే ఎంత సంతోషంగా ఉంటారు, రాకపోతే ఎంత బాధపడతారు అని అడిగారు. ఆ నిర్ణయం అప్పటికే తేలిపోయిన వేరేవాళ్ళను ఇప్పుడెలా ఉన్నారని విడిగా అడిగారు. పర్మినెంట్ వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ మధ్య, ఎదురుచూసేవాళ్ళు ఊహించుకున్నంత తేడా కనిపించలేదు. ఫలితాల పీడీఎఫ్ తెరవబోయే ముందు చేతులు వణికే మనందరికీ ఇది తెలిసి ఉండటం మంచిది. వణుకు ఆగకపోవచ్చు, అది వేరే విషయం.

ఇక మెప్పు సంగతి. నేనున్న గ్రూపులో రాత్రయ్యేసరికి చదివిన గంటల స్క్రీన్‌షాట్లు మొదలయ్యేవి. ఒకరు పది పెడితే ఇంకొకరు పన్నెండు. ప్రిపరేషన్‌లో కష్టమైన పనులేవీ ఆ స్క్రీన్‌షాట్‌లోకి ఎక్కవు. మాక్ టెస్టులో తప్పుపోయిన ప్రశ్నల దగ్గర కూర్చుని, ఎందుకు తప్పిందో వెతకడం ఎవరికీ కనపడదు. పుస్తకం మూసి తెల్లకాగితం మీద జవాబు రాసుకోవడమూ అంతే. చూసేవాళ్ళ కోసం చదవడం మొదలైతే, కనపడని పనులే ముందు జారిపోతాయి. ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టాను. మార్కులు చెప్పుకోవడానికి ఒక్క స్నేహితుణ్ణి ఉంచుకున్నాను, అతనికి నా మార్కుల మీద పెద్ద ఆసక్తి లేదు, అందుకే ఉంచుకున్నాను.

సాయంత్రం నడక మాత్రం వదల్లేదు. చెవుల్లో కరెంట్ అఫైర్స్ లేకుండా నడవడం మొదట్లో తప్పు చేస్తున్నట్టే ఉండేది. దానివల్ల జ్ఞాపకశక్తి పెరిగిందని, స్కోరు లేచిందని చెప్పను. అలా చెబితే నడకను కూడా సిలబస్‌లో కలిపేసినట్టవుతుంది. నడక నడకే, బాగుంటుంది, అంతే. రాత్రి భోజనం అందరితో కలిసి, ఫోను ఇంకో గదిలో. "ఇంకా చదువుతున్నావా?" అని అడిగే బంధువులకు "అవునండీ" అని ఊరుకోవడం అలవాటైంది. ఆ తర్వాత వాళ్ళు అడిగేది ఏమీ ఉండదు. వాళ్ళ పిల్లల సంగతులు అడిగితే ఇంకా మంచిది, సంభాషణ హాయిగా సాగుతుంది.

ఇంటర్వ్యూ ఉన్న పరీక్షలు రాసేవాళ్ళకు మరొకటి. కొన్ని దరఖాస్తుల్లో అభిరుచులు అని ఒక గడి ఉంటుంది. ఏళ్ళ తరబడి అన్నీ మానేసినవాళ్ళు అక్కడికొచ్చి ఆగిపోతారు. పుస్తక పఠనం అని రాసేసి, ఈ మధ్య ఏం చదివారని అడిగితే ఏం చెప్పాలో వెతుక్కుంటారు. హాబీలకు కూడా మోడల్ ఆన్సర్లు తిరుగుతున్నాయి మరి! నాకు తెలిసినామె ఒకరు ప్రిపరేషన్ పొడుగునా కుండీల్లో మొక్కలు పెంచుకుంది. మాక్ ఇంటర్వ్యూలో ఆకులకు పట్టే పురుగు గురించి అడిగితే ఎంతసేపు మాట్లాడిందంటే, సమయం అయిపోయిందని ప్యానెల్ వాళ్ళే ఆపాల్సి వచ్చింది.