కరదర్శనం, అరిగిన వేళ్లు

"కరాగ్రే వసతే లక్ష్మీః కరమధ్యే సరస్వతీ, కరమూలే స్థితా గౌరీ ప్రభాతే కరదర్శనమ్" అంటూ నిద్ర లేవగానే అరచేతులను చూసుకోవడం మన ఇళ్లలో పెద్దలు పిల్లలకు మొదట్లోనే నేర్పే ఆచారం. గౌరికి బదులు గోవిందుణ్ణి తలచేవారూ ఉన్నారు. చేతి కీళ్లు అరిగిన వృద్ధులకు ఈ శ్లోకం మరింత దగ్గరిది, ఎందుకంటే ఆ అరుగుదల ఎక్కువగా కనిపించేది వేలి కొస కణుపులోనూ, నడిమి కణుపులోనూ, బొటనవేలి మొదట్లోనూ. పైగా వేళ్లు బిగుసుకుపోయి ఉండేదీ ప్రభాతంలోనే.

కీలులో ఎముకల కొసలను కప్పి ఉండే మెత్తని పొర (మృదులాస్థి) పలచబడి, పక్కన ఎముక గట్టి బుడిపెలా పెరిగే ఈ బాధ నెలసరి ఆగిన స్త్రీలలో అధికం. ఉదయపు బిగువు సాధారణంగా అరగంటలోపే సడలుతుంది. అంతకు మించి ఉండి, వాపూ వేడీ కూడా తోడైతే అది వేరే కీళ్లవాతం కావచ్చు కాబట్టి వైద్యునికి చూపించాలి. కరదర్శనం చేసిన చేతులను కాసేపు గోరువెచ్చని నీటిలో ఉంచి, వేళ్లను మెల్లగా ముడిచి తెరిచి, ఆ తరువాతే పనిలో పెట్టడం మంచిది. బొటనవేలికి పట్టీ, నొప్పికి పైపూత మందు వైద్యుని సలహాతో వాడవచ్చు.

అయినా పూజ దగ్గరే ఎక్కువ దిగులు. నూనె సీసా మూత తిప్పడానికీ, ముగ్గుపిండిని వేళ్ల సందున పట్టి గీత లాగడానికీ, పత్తిని నలిపి వత్తి చేయడానికీ, పూలు కట్టడానికీ బొటనవేలి బలమే ఆధారం. కార్తిక పౌర్ణమికి 365 వత్తులు స్వయంగా చేసుకునే అలవాటున్న అమ్మమ్మలు, కొన్న వత్తులు వెలిగిస్తే ఫలం తగ్గుతుందేమోనని వేళ్లు వాచేదాకా చేస్తారు. ఆ భయానికి ఆధారం నాకు కనబడదు. రోజూ మనం చెప్పుకునే సంకల్పంలోనే "సంభవద్భిరుపచారైః", "యావచ్ఛక్తి" అని ఉంది: సమకూరిన ఉపచారాలతో, ఉన్న శక్తి మేరకు పూజ చేస్తానని మాట ఇస్తున్నాం, అంతకు మించి కాదు. కాబట్టి వత్తుల కట్ట కొనవచ్చు, కొబ్బరికాయ మనవడి చేత కొట్టించవచ్చు, జపమాల తిప్పలేని రోజున మనసులోనే జపించవచ్చు. సాయం అడగడానికి మొహమాటపడే పెద్దవారిని ఇంట్లోవారే ముందుగా గమనించి, సీసా మూతలు వదులు చేసి, ఉద్ధరిణెకు లావు పిడి ఉన్నది చూసి తెచ్చిపెట్టాలి.