సంకల్పంలో నిన్నటి మాట ఉండదు

ముందే చెప్పేస్తున్నాను, నేను టాపర్‌ని కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష గ్రూప్-2లో, మెయిన్స్ తర్వాత వచ్చిన జాబితాలో నా నంబరు లేదు. ఏ పుస్తకాలు చదవాలి, ఏ టెస్ట్ సిరీస్ మంచిది అన్నవి నాకంటే బాగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. పుస్తకం తెరిచి ఉంటుంది, కళ్లు అక్షరాల మీదే ఉంటాయి, లోపల మాత్రం ‘అప్పుడే చెడగొట్టుకున్నావు, ఇక నీ వల్ల కాదు’ అని ఒక గొంతు రొద పెడుతుంటుందే, దానితో నేను నాలుగేళ్లు కాపురం చేశాను. ఆ సంగతి రాస్తున్నాను.

మాది కోనసీమ. గన్నవరం అక్విడెక్టుకి దగ్గర్లో, వైనతేయ పాయ ఒడ్డున ఊరు. నాన్నకి ఎకరంన్నర సొంతం, ఇంకో రెండెకరాలు కౌలు. నేను డిగ్రీ, బీఈడీ అయ్యాక గ్రూప్స్ వైపు వచ్చాను.

2019 మే 5న గ్రూప్-2 స్క్రీనింగ్ టెస్ట్ రాశాను, అది దాటితేనే మెయిన్స్. నూట యాభై ప్రశ్నలు, ప్రతి తప్పుకీ మూడో వంతు మార్కు కోత. ఆఖరి పది నిమిషాల్లో, వదిలేద్దామనుకున్న పదకొండు ప్రశ్నలకి గుడ్డిగా బబుల్స్ దిద్దేశాను. క్వాలిఫై కాలేదు. అంతే, ఆ పదకొండు బబుల్స్ నా నెత్తిమీద కూర్చున్నాయి. అన్నం తింటున్నా అవే, బస్సులో ఉన్నా అవే. ‘ఆ పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే’ అని ఎన్నిసార్లు అనుకున్నానో.

అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి 8 దాకా గ్రామ, వార్డు సచివాలయాల పరీక్షలు జరిగాయి. లక్షకు పైగా పోస్టులు. దరఖాస్తు చేశాను, హాల్ టికెట్ తీసుకున్నాను, పరీక్షకి వెళ్లలేదు. ‘స్క్రీనింగే దాటలేనిదాన్ని ఇదేం రాస్తాను’ అని మంచం దిగలేదు. నాతో పాటు దరఖాస్తు చేసిన పిన్ని కూతురు వెళ్లి రాసింది, ఉద్యోగంలో చేరింది. మే నెల తప్పుని తలుచుకుంటూ కూర్చుని సెప్టెంబరులో అసలు తప్పు చేశాను. ఆ తర్వాత తిట్టుకోవడానికి రెండు కారణాలయ్యాయి.

ఒక విషయం దాచకుండా చెబుతాను. నన్ను నేను తిట్టుకుంటున్నంతసేపూ ఏదో ప్రాయశ్చిత్తం చేస్తున్నట్టే ఉండేది. బాధ పడుతున్నాను కాబట్టి బాధ్యత ఉన్నట్టే అనుకునేదాన్ని. నిజం ఏమిటంటే, ఆ బాధ పడుతున్నంతసేపూ ఎకానమీ పుస్తకం తెరవక్కర్లేదు.

ఆ పైన ఎటూ తేల్చుకోలేకపోవడం ఒకటి. గ్రూప్-1 కూడా రాయనా, బ్యాంకులా, టీచరు పోస్టుల డీఎస్సీకి ఆగనా, రాజమండ్రిలో కోచింగా, హైదరాబాదు అశోక్‌నగరా. ఒకసారి ఏదో ఎంచుకుని చెడగొట్టుకున్నవాళ్లకి ఇంకోసారి ఎంచుకోవాలంటే చెయ్యి వణుకుతుంది. ఐనవిల్లి వినాయకుడి గుడి మీకు తెలిసే ఉంటుంది, పరీక్షల ముందు పెన్నులకి పూజ చేసి పిల్లలకి పంచే గుడి. అక్కడ స్వామి ముందు చీటీలు వేశాను. గ్రూప్స్ అని వచ్చింది. ఇంటికొచ్చేసరికి ‘బ్యాంకు చీటీ రావలసిందేమో, సరిగ్గా కలిపానో లేదో’ అని అనుమానం. మళ్లీ వెళ్లి వేశాను. వినాయకుడి మాటకే రీవాల్యుయేషన్ పెట్టించానన్నమాట. తప్పు చీటీది కాదని అప్పటికైనా అర్థం కావలసింది.

ఇలా 2023 డిసెంబరు వచ్చింది. మిగ్‌జాం తుపాను ఆ 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. మా సార్వా చేను అప్పటికే కోసి పనల మీద ఉంది. చేలో మోకాలి లోతు నీళ్లు. ఆ సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చుని, “ఆదివారమే కుప్ప వేయించేయాల్సింది. కూలీలు దొరకలేదని సోమవారానికి ఆగాను,” అన్నారు. అదొక్కసారే అన్నారు. నేను వింటూ భయపడ్డాను, ఇక ఈయన నాలాగే అయిపోతారేమోనని. మర్నాడు తెల్లవారకముందే లేచి నీళ్లు పోవడానికి గట్లు కొట్టారు. వాన తెరిపివ్వగానే పనలు తిరగేసి, కంకులు మొలకెత్తకుండా ఉప్పునీళ్లు పిచికారీ చేశారు. లీటరుకి యాభై గ్రాముల ఉప్పు. డబ్బాలో ఉప్పు కలిపి ఇచ్చింది నేనే. కలుపుతూ అడిగాను, “నాన్నా, ఆదివారం గురించి బాధ లేదా?” అని. “ఉంది. ఇప్పుడు ఉప్పెంత వేశావో చెప్పు,” అన్నారు.

ఆ 7నే గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది, 897 పోస్టులు. ఫిబ్రవరి 25న స్క్రీనింగ్. మర్నాడు గ్రూప్-1 నోటిఫికేషన్ కూడా వచ్చేసింది. నాకు మళ్లీ చీటీల రోగం మొదలైంది.

11వ తేదీ కార్తీకంలో ఆఖరి సోమవారం. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పులు, రేవులో జారుతుందని నన్ను తోడు తీసుకెళ్లింది. నాకు భక్తి కంటే చలే ఎక్కువగా ఉంది. చీకట్లో పదిహేనుమంది ఆడవాళ్లం నీళ్లలో నిలబడ్డాం. మెట్టు మీద నుంచి పంతులుగారు సంకల్పం చెప్పిస్తున్నారు. జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోః దక్షిణ దిగ్భాగే... శోభకృన్నామ సంవత్సరే, దక్షిణాయనే, శరదృతౌ, కార్తీకమాసే, కృష్ణపక్షే... చిన్నప్పటి నుంచి వందసార్లు విన్నదే. ఆ రోజు ఎందుకో ఒక్కో ముక్కా విడివిడిగా వినపడింది. నువ్వు ఎక్కడున్నావు, ఇవాళ ఏ రోజు, నువ్వెవరు, ఇప్పుడు ఏం చేయబోతున్నావు. “గోత్రం చెప్పమ్మా,” అంటే చెప్పాను. చివర “కరిష్యే”. చేస్తాను. పోయిన కార్తీకంలో స్నానం మానేశావా, నిరుడు ఉపవాసం సగంలో తప్పావా అని అందులో ఎక్కడా అడగలేదు. నేను నాలుగేళ్లుగా పుస్తకం ముందు కూర్చుని చెప్పుకుంటున్న సంకల్పం మొత్తం 2019 గురించే. ఇక ‘కరిష్యే’ దాకా వచ్చేదెప్పుడు?

ఇంటికొస్తూ అమ్మమ్మకి చెప్పాను. నవ్వింది. నేనూ ఊరుకోకుండా వాదించాను. “మరి ఆత్మప్రదక్షిణలో పాపోఽహం, పాపకర్మాహం అంటాం కదా, అది తిట్టుకోవడం కాదా?” అన్నాను. నిజంగానే ఆ శ్లోకం నాకు బాగా నచ్చేది, నా గురించే రాసినట్టుండేది.

“అంటాం. అని అక్కడే కూర్చుంటామా? మూడు చుట్లు తిరిగి, దండం పెట్టి లేస్తాం. పొయ్యి మీద పప్పు ఉంటుంది మరి.”

పొయ్యి మీద పప్పు అన్న మాట నాకు ఏ మోటివేషన్ వీడియోలోనూ దొరకలేదు.

తర్వాత పూజ పుస్తకం తీసి, పూజ ఎలా నడుస్తుందో ఒకసారి పరీక్షకి చదివినట్టు చదివాను. మొదట సంకల్పం. మధ్యలో చేయవలసినవి వరసగా. తప్పులు ఒప్పుకోవడం చివర్లో, పెద్దగా సాగదీయకుండా. ఆపైన ‘మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం’ శ్లోకం. మంత్రం లోపించింది, క్రియ లోపించింది, భక్తి లోపించింది, అయినా నేను చేసిన ఈ పూజ పరిపూర్ణం అగుగాక అని అర్థం. ఎంత ధీమా చూడండి. లోపాలన్నీ ఒప్పేసుకుంటుంది, అయినా పూజని చెత్తబుట్టలో వేయదు. అక్కడ లోపం ఉన్నది చేసిన పనిలో. నేనేమో లోపం మొత్తం నాలోనే ఉందని తేల్చేసుకుని, ఏ పనిలో ఏది తగ్గిందో ఎప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి పాత ఆన్సర్ కీ తీశాను. 2019 నాటి పదకొండు బబుల్స్‌లో రెండు ఒప్పు, తొమ్మిది తప్పు. రెండు మార్కులు వచ్చాయి, మూడు పోయాయి. నికరంగా పోయింది ఒక్క మార్కు! నేను అంతకంటే చాలా ఎక్కువ తేడాతోనే పోయాను. నన్ను ముంచింది సగం కూడా చదవని ఎకానమీ. నాలుగేళ్లలో ఈ చిన్న తీసివేత ఒక్కసారీ వేయలేదు. తిట్టుకోవడానికి లెక్కలు అక్కర్లేదు కదా.

మర్నాటి నుంచి చేసింది చాలా మామూలుగా ఉంటుంది, నవ్వుకోకండి. పొద్దున కూర్చోగానే పాత కాలెండరు కాగితం వెనక మూడు ముక్కలు రాసేదాన్ని. పెరటి గది. జనవరి 9. ఇండియన్ సొసైటీలో కుల వ్యవస్థ, పాత ప్రశ్నలతో సహా. పని ఒక్కటే ఉండాలి. అది అయ్యేదాకా ఇంకో పుస్తకం తెరవకూడదు. వరలక్ష్మీ వ్రతం మొదలుపెట్టి మధ్యలో సత్యనారాయణ వ్రతంలోకి దూకం కదా. గ్రూప్-1 సంగతి కూడా అలాగే తేలింది. ఒక సంకల్పంలో ఒక కర్మే పడుతుంది. గ్రూప్-2 అని రాశాను, గ్రూప్-1కి దరఖాస్తు చేయలేదు. అది సరైన నిర్ణయమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. రెండూ కలిపి చదివి రెండిట్లో నెగ్గినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ డెబ్బై ఆరు రోజులు ‘ఇది సరైనదేనా’ అని అడుక్కోకుండా గడిచాయి, నాకు అదే గొప్ప.

ఆ స్క్రీనింగ్‌లో అయిదు భాగాలు, ఒక్కోటి ముప్పై మార్కులు. చరిత్ర, జాగ్రఫీ, ఇండియన్ సొసైటీ, కరెంట్ అఫైర్స్, మెంటల్ ఎబిలిటీ. సొసైటీ కొత్తగా చేర్చిన భాగం, అందరికీ కొత్తే కాబట్టి ముందు దాన్ని పట్టాను. మెంటల్ ఎబిలిటీ నాకు కొరుకుడు పడదు, రోజూ గంట తప్ప ఎక్కువ ఇవ్వలేదు.

తప్పుల నోట్‌బుక్ నాకు ముందు నుంచీ ఉంది. అందులో ‘మొద్దు’, ‘సిగ్గుండాలి’ లాంటి విశేషణాలు ఎర్ర ఇంకుతో రాసుకునేదాన్ని. అవి మానేశాను. ఒక మాక్ టెస్టులో ధవళేశ్వరం ఆనకట్ట 1862లో పూర్తయిందని దిద్దాను. పుట్టినప్పటి నుంచి ఆ ఆనకట్ట నీళ్లతో పండిన అన్నం తింటున్నదాన్ని! పాత నేనైతే ఆ రోజంతా ఏడ్చేదాన్ని. ‘1847లో మొదలు, 1852లో పూర్తి. తొందరలో పదేళ్లు కలిపాను. ఆప్షన్లు రెండుసార్లు చదవాలి’ అని రాసి పేజీ తిప్పాను. తిట్టుకోవడానికీ టైం పెట్టాను, లేకపోతే అది దొంగదారిన వస్తుంది. శనివారం రాత్రి దీపం పెట్టాక అరగంట. వారం తప్పులన్నీ చదివి, చివర ఆ మంత్రహీనం శ్లోకం చెప్పి, లేచి అన్నానికి వెళ్లడం. మధ్యలో మంగళవారం నాడు ఆ గొంతు మొదలైతే ‘శనివారం రా’ అనేదాన్ని. కొన్నిసార్లు వినేది కాదు. అప్పుడు ఊరికే కాలవగట్టు మీద నడిచేదాన్ని.

ఇదంతా హిందువులకే అనుకోకండి. నాతో చదివిన ఒకమ్మాయి వాళ్లది క్రైస్తవ కుటుంబం. తను రాత్రి ప్రార్థనలో ఆ రోజు తప్పులు ఒప్పుకుని, ఆమెన్ అన్నాక మళ్లీ వాటిని ఎత్తకూడదని పెట్టుకుంది. ఇంకో మాట. నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలని లేదనే దాకా వచ్చినవాళ్లు మాత్రం శ్లోకాలతో సరిపెట్టుకోకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో చెప్పండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

స్క్రీనింగ్ దాటాను. మెయిన్స్ 2024 జూలై 28 అన్నారు, 2025 జనవరి 5 అన్నారు, చివరికి ఫిబ్రవరి 23న జరిగింది. ఆ వాయిదాల్లో నా పద్ధతి రెండుసార్లు పూర్తిగా దెబ్బతింది. ఆగస్టులో అయితే కాగితం ముట్టుకోలేదు. ఏప్రిల్‌లో జాబితా వచ్చింది, నేను లేను. ఏడవలేదని చెప్పను. తొమ్మిది రోజులు పట్టింది. అందులో మొదటి మూడు రోజులు 2019 కంటే ఘోరంగా గడిచాయి. నాలుగో రోజు నుంచి మార్కుల లెక్క తీశాను. సైన్స్ అండ్ టెక్నాలజీలో పోయింది, ఏ చాప్టర్లో పోయిందో కూడా తెలిసింది.

ఏప్రిల్ 20న మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది, 16,347 పోస్టులు. మే 15 దాకా గడువు. నాకు బీఈడీ ఉంది, టెట్ ఉంది. 2019 సెప్టెంబరు గుర్తొచ్చింది, ఈసారి దాన్ని తిట్టుకోవడానికి వాడలేదు. దరఖాస్తు చేసి ఇంటికొచ్చి కాలెండరు కాగితం వెనక రాశాను. విశ్వావసు నామ సంవత్సరం, వైశాఖ మాసం, మే 2. పెరటి గది. డీఎస్సీ, స్కూల్ అసిస్టెంట్, సోషల్. ఇవాళ ఎనిమిదో తరగతి పుస్తకం, మొదటి పాఠం.

అమ్మమ్మ మజ్జిగ గ్లాసు పెట్టడానికి వచ్చి, కళ్లజోడు సవరించుకుని ఆ కాగితం అంతా చదివింది.

“ఏవే, గోత్రం రాయలేదేం?” అంది.