గ్రూవీ స్క్రిప్టుల్లో వేరియబుల్స్‌తో, పోలికలతో కుస్తీ: నా అనుభవం

మా టీమ్‌కి కొన్ని గ్రూవీ (జావా మీద నడిచే ఒక ప్రోగ్రామింగ్ భాష) స్క్రిప్టులు చేతులు మారి వచ్చాయి. కొన్ని జెంకిన్స్ (బిల్డ్, టెస్ట్, డిప్లాయ్ పనుల్ని వాటంతటవే నడిపే టూల్) పైప్‌లైన్‌లో నడిచేవి, మిగతావి కమాండ్ లైన్ నుంచి విడిగా నడిపేవి. వాటిని చక్కబెట్టే పని నాకు అప్పగించారు. చాలాకాలంగా జావా రాస్తున్నాను కాబట్టి కోడ్ చదవడం కష్టం కాలేదు. కష్టమంతా వాటి ప్రవర్తనతోనే. ఎర్రర్ ఇచ్చి ఆగిపోతే ఎక్కడ వెతకాలో తెలిసేది. ఇవి చివరిదాకా నడిచి, అంతా సక్సెస్ అని చెప్పి, చేయాల్సిన పని మాత్రం చేసేవి కావు.

మొదట తగిలింది మాత్రం గట్టిగా అరిచే రకమే. ‘నో సచ్ ప్రాపర్టీ’ అంటూ మిస్సింగ్ ప్రాపర్టీ ఎక్సెప్షన్. స్క్రిప్టు పైభాగంలో డెఫ్‌తో (రకం చెప్పకుండా వేరియబుల్‌ని ప్రకటించే పదం) ‘గడువు’ అనే వేరియబుల్ ఉంది. కింద ఒక మెథడ్ దాన్ని వాడుకుంటోంది. కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని పట్టుకుని లేదంటోంది. ఇక్కడ గ్రూవీ లోపల ఏం చేస్తుందో తెలిస్తే చిక్కు వీడిపోతుంది. మన స్క్రిప్టు మొత్తాన్ని అది ఒక క్లాస్‌గా మారుస్తుంది. విడిగా రాసిన వాక్యాలన్నీ ఆ క్లాస్‌లోని రన్ అనే మెథడ్‌లోకి వెళ్తాయి. మనం రాసుకున్న మెథడ్లు దాని పక్కన వేరుగా కూర్చుంటాయి. డెఫ్ పెట్టిన వేరియబుల్ రన్ మెథడ్‌కి లోకల్, కాబట్టి పక్క మెథడ్‌కి కనిపించే దారే లేదు. అదే కోడ్‌ని క్లోజర్‌లో (వేరియబుల్‌లో పెట్టుకుని పిలవగలిగే కోడ్ ముక్క) రాస్తే కనిపిస్తుంది, ఎందుకంటే క్లోజర్ పుట్టేదే రన్ లోపల.

పాత స్క్రిప్టుల్లో దీనికి ఎక్కడ చూసినా ఒకటే మందు: డెఫ్ తీసేయడం. అప్పుడు ఆ పేరు స్క్రిప్టు తాలూకు బైండింగ్‌లోకి (స్క్రిప్టు అంతటికీ ఉమ్మడిగా ఉండే వేరియబుల్స్ జాబితా) వెళ్తుంది, అన్ని మెథడ్లకూ అందుతుంది. ఎర్రర్ పోతుంది కానీ, నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. డెఫ్ లేకుండా ఏ పేరుకి విలువ ఇచ్చినా గ్రూవీ అభ్యంతరం చెప్పదు, కొత్త వేరియబుల్ సృష్టించేస్తుంది. ఒక లూప్‌లో ఇలా ఉంది:

విఫాలం = విఫలం + 1

ఒక్క దీర్ఘం ఎక్కువ పడింది. కుడివైపు పేరు సరైనదే కాబట్టి చదవడంలో ఇబ్బంది లేదు. ఎడమవైపు కొత్త వేరియబుల్ పుట్టింది. అసలు ‘విఫలం’ ఎప్పటికీ 0 దగ్గరే ఉండిపోయింది. టెస్టులు ఎన్ని ఫెయిలైనా రిపోర్టులో సున్నాయే. ఆ సున్నాని నమ్ముకుని జనం రిలీజులు చేశారు. అందుకే డెఫ్ తీసేయమనే సలహా నేనెవరికీ ఇవ్వను. మెథడ్‌కి కావలసిన విలువని ఆర్గ్యుమెంట్‌గా పంపడం అన్నిటికంటే మేలు. నిజంగా అందరికీ కావలసినదైతే, గ్రూవీ ట్రాన్స్‌ఫార్మ్ ప్యాకేజీలోని ఫీల్డ్ అనే యానొటేషన్‌ని (@ గుర్తుతో రాసే సూచన) ఇంపోర్ట్ చేసుకుని ఆ వేరియబుల్ ముందు పెట్టాలి. అది క్లాస్ ఫీల్డ్ అవుతుంది, మెథడ్లన్నిటికీ కనిపిస్తుంది.

ఒక క్లోజర్‌లో ఇంకో క్లోజర్ ఉన్నచోట ‘ఇట్’ అనే డిఫాల్ట్ పేరుతోనూ (క్లోజర్‌కి అందిన విలువకి మనం పేరు పెట్టకపోతే వచ్చేది) ఇలాంటి గందరగోళమే. లోపలి ఇట్ బయటి ఇట్‌ని కప్పేస్తుంది. రెండింటికీ పేర్లు పెట్టేస్తే సరిపోతుంది.

ఇక పోలికలు. జావాలో == చూసేది రెండూ ఒకే ఆబ్జెక్టా అని, విలువలు పోల్చడానికి ఈక్వల్స్ మెథడ్ వాడాలి. అందుకే జావా నుంచి వచ్చినవాళ్లకి రెండు స్ట్రింగుల (టెక్స్ట్ విలువల) మధ్య == కనిపించగానే చెయ్యి ఈక్వల్స్ వైపు వెళ్తుంది. గ్రూవీలో == ఉన్నదే విలువలు పోల్చడానికి. రెండువైపులా ఉన్నది ఒకే ఆబ్జెక్టా అని అడగాలంటే ‘ఇజ్’ మెథడ్ ఉంది, 3.0 వెర్షన్ నుంచి === కూడా ఉంది. జావా అలవాటుతో == తీసేసి ఈక్వల్స్ పెడితే ఒక్కోసారి బాగున్న కోడ్ పాడవుతుంది. 1.0 == 1 అంటే గ్రూవీ నిజమంటుంది, అదే ఈక్వల్స్‌తో అడిగితే కాదంటుంది.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది మ్యాప్, అంటే కీ ఇస్తే దాని విలువ తీసిచ్చే పట్టిక. సర్వర్ పేర్లు కీలుగా, వాటి స్థితి విలువలుగా ఉన్న ఒక మ్యాప్. మొత్తం మ్యాప్ ప్రింట్ చేస్తే ‘వెబ్-2’ చక్కగా కనిపిస్తోంది. అదే కీతో అడిగితే నల్ (ఏమీ లేదని) వస్తోంది. కీని విడిగా ప్రింట్ చేసి చూశాను, వెబ్-2 అనే ఉంది. రెండింటినీ == తో పోల్చాను, ట్రూ. స్పేసులున్నాయేమోనని పొడవులు చూశాను, సమానం. అప్పుడు గెట్‌క్లాస్ పెట్టి రెండింటి రకాలూ ప్రింట్ చేస్తే తేలింది: ఒకటి మామూలు స్ట్రింగ్, రెండోది జీస్ట్రింగ్.

డబుల్ కోట్స్ మధ్య డాలర్ గుర్తు పెట్టి వేరియబుల్‌ని ఇరికించిన ప్రతిసారీ గ్రూవీ తయారుచేసేది జీస్ట్రింగ్‌నే. (సింగిల్ కోట్స్ అయితే అసలు విలువే ఎక్కదు, డాలర్ గుర్తు అలాగే ప్రింట్ అవుతుంది. అది కనీసం వెంటనే కంటికి కనిపిస్తుంది.) జీస్ట్రింగ్ లోపల టెక్స్ట్ ముక్కలూ విలువలూ వేర్వేరుగా ఉంటాయి. అడిగినప్పుడే వాటిని కలిపి టెక్స్ట్ చేస్తుంది. అందువల్ల దాని హ్యాష్‌కోడ్ (వెతకడం కోసం విలువ నుంచి లెక్కగట్టే అంకె), అవే అక్షరాలున్న స్ట్రింగ్ హ్యాష్‌కోడ్‌తో కలవదు, ఈక్వల్స్ కూడా కాదంటుంది. == ఒక్కటే రెండింటినీ టెక్స్ట్‌గా చూసి సమానమంటుంది. మ్యాప్ మాత్రం వెతికేది హ్యాష్‌కోడ్‌తో, ఈక్వల్స్‌తో కాబట్టి దానికి ఈ కీ ఎవరో తెలియదు. లిస్టులో ఉందా అని ‘ఇన్’తో అడిగినా ఇదే కథ. మందు చాలా చిన్నది: వేరియబుల్‌ని డెఫ్ అని కాకుండా స్ట్రింగ్ అని రకం చెప్పి ప్రకటిస్తే గ్రూవీయే మార్చేస్తుంది, లేదా చివర టుస్ట్రింగ్ పిలవొచ్చు. మ్యాప్‌లో పెట్టేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. జీస్ట్రింగ్‌నే కీగా పెట్టేస్తే, తర్వాత మామూలు స్ట్రింగ్‌తో ఎంత వెతికినా దొరకదు.

రకాలు ప్రింట్ చేసి చూసే అలవాటు నాకు అక్కడే పట్టుకుంది. ఒక చిన్న హెచ్చరిక: మ్యాప్ మీద డాట్ క్లాస్ అని రాస్తే ఆ పేరున్న కీ కోసం వెతికి నల్ ఇస్తుంది. బ్రాకెట్లతో గెట్‌క్లాస్ అనే రాయాలి.

ఆ అలవాటు మరుసటి సమస్యకే పనికొచ్చింది. ‘ప్రయత్నాల సంఖ్య 10 దాటితే ఆపెయ్యి’ అనే కండిషన్ ఒకటి. లాగ్‌లో ప్రయత్నం 5 అని ఉంది, ఆ వెంటనే పరిమితి దాటిందని ఆగిపోయింది. ఆ 5 కాన్ఫిగ్ ఫైల్ నుంచి వచ్చింది, అంటే అది అంకె కాదు, ఒకే అక్షరం ఉన్న స్ట్రింగ్. ఒంటి అక్షరం స్ట్రింగ్‌ని అంకెతో పోల్చాల్సి వస్తే గ్రూవీ దాన్ని క్యారెక్టర్‌గా తీసుకుంటుంది. ‘5’ అనే అక్షరం కోడ్ 53. 53 పదికంటే ఎక్కువే కదా! అదే ఫైల్‌లో 12 ఉంటే ఈ రెండూ పోల్చలేనని ఎక్సెప్షన్ వచ్చేది, ఆ రోజే పట్టుబడేది. ఒంటి అంకె కాబట్టి నోరు మెదపకుండా దాటిపోయింది. ఇంట్ రకం వేరియబుల్‌లోకి ‘5’ని నేరుగా వేసినా 53 వస్తుంది. బయటి నుంచి వచ్చే ప్రతి అంకెకీ, అది స్క్రిప్టులో అడుగుపెట్టిన లైన్‌లోనే, టుఇంటీజర్ పిలుస్తున్నాను. > ఉన్నచోట కనీసం ఎక్సెప్షన్ వచ్చే అవకాశముంది. == ఉన్నచోట స్ట్రింగ్ ‘10’ని అంకె 10తో పోల్చితే కిక్కురుమనకుండా ఫాల్స్ అంటుంది.

జెంకిన్స్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ స్ట్రింగులే. ‘ఫాల్స్’ అని సెట్ చేసినా అది ఐదు ఇంగ్లిష్ అక్షరాల స్ట్రింగ్. ఖాళీ కాని ఏ స్ట్రింగ్ అయినా గ్రూవీకి నిజమే. డిప్లాయ్ వద్దని ఫాల్స్ పెట్టినవాళ్లకి డిప్లాయ్ జరిగిపోవడం ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. టుబూలియన్ పిలిస్తే తీరిపోతుంది. అలాగే షెల్ కమాండ్ అవుట్‌పుట్‌ని వేరియబుల్‌లోకి తీసుకుంటే చివర న్యూలైన్ కూడా వస్తుంది, పోలిక ఎప్పటికీ కుదరదు. ట్రిమ్ చేయాలి. ఇలాంటి కనిపించని అక్షరాల కోసం మామూలుగా ప్రింట్ చేయడం కంటే ఇన్‌స్పెక్ట్ మెథడ్ మేలు. అది స్ట్రింగ్‌ని కోట్స్‌తో సహా చూపిస్తుంది, న్యూలైన్‌ని గుర్తుగా రాసి పెడుతుంది.

విడిగా నడిపే స్క్రిప్టుల్లో నాకు బాగా ఆసరా అయింది అసర్ట్, అంటే ఒక కండిషన్ నిజం కాకపోతే స్క్రిప్టుని ఆపేసే వాక్యం. ఫెయిలైతే కండిషన్‌లోని ప్రతి ముక్క కిందా దాని విలువని గీతలు గీసి చూపిస్తుంది. 1.7 వెర్షన్ నుంచీ ఉన్న సదుపాయం, ఇంత మంచిదాన్ని చాలామంది వాడకపోవడం నాకు బాధగా ఉంటుంది. విలువలు ఒకేలా కనిపిస్తూ కండిషన్ ఫెయిలైతే మాత్రం మళ్లీ రకాల దగ్గరికే వెళ్లాలి.

అన్నిటికంటే చివర దొరికింది ఎల్విస్ ఆపరేటర్, అంటే ?: గుర్తు. ఎడమవైపు విలువ అబద్ధమైతే కుడివైపుది తీసుకుంటుంది. విలువ లేకపోతే 30 సెకన్లు ఆగమని ఒక లైన్‌లో దాన్ని వాడారు. గ్రూవీకి నల్ ఎంత అబద్ధమో 0 కూడా అంతే అబద్ధం. అసలు ఆగొద్దని 0 ఇచ్చిన జాబ్ కూడా ప్రతిసారీ 30 సెకన్లు ఆగేది. ఆ లైన్‌ని విలువ నల్‌తో సమానమా అని సూటిగా అడిగేలా మార్చాను. 0కి ఏదైనా అర్థం ఉన్న చోట్ల ఎల్విస్ తీసేసి, పేర్లూ ఖాళీ టెక్స్టులూ ఉన్న చోట్ల మాత్రం ఉంచాను.