పేరు చెప్పలేదు

నిన్న హన్మకొండలో రక్తం ఇచ్చి వచ్చాను. మగవాళ్లు మూడు నెలలకోసారి ఇవ్వొచ్చు. తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లే.

బయట బెంచీ మీద ఒకమ్మ, ఒళ్లో ఏడేళ్ల బాబు. ఏటూరునాగారం దిక్కు నుంచి తెల్లారకముందే బస్సెక్కారట. పిల్లాడికి తలసేమియా, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. "ఎండాకాలమంటే భయమైతది బిడ్డా. కాలేజీలకు సెలవులిస్తరు, ఇచ్చేటోళ్లు దొరకరు" అంది.

నా చేతికున్న దూది చూసి, "నీ పేరేంది? మేడారం పోయినప్పుడు నీ పేరు మీద కూడా బంగారం పెడత" అంది. మేడారంలో బంగారమంటే బెల్లమే కదా, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. "బాబు పేరు మీదనే పెట్టమ్మా" అన్నాను. పేరు చెప్పాలనిపించలేదు. నేనిచ్చింది పరీక్షలయ్యాక ఎవరికి ఎక్కుతుందో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకిష్టం.

బాబు నా చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ వైపే చూస్తున్నాడు. ఇచ్చేశాను. విప్పి, మొదటిది నాకే అందించాడు.

ఇది రాస్తున్నది ఆమె చెప్పిన ఎండాకాలం కోసమే. సెలవుల్లో వరంగల్‌లోనే ఉండేవాళ్లు ఒక్క మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం.