చాదర్ ట్రెక్ కోసం హైదరాబాద్‌లో సాధన: మంచు విరిగితే బయటపడటం ఎలా?

అక్టోబరు

జనవరి చివర్లో నేనూ మా బావా లద్దాఖ్‌లో చాదర్ ట్రెక్‌కి వెళ్తున్నాం. గడ్డకట్టిన జాన్‌స్కార్ నది మీద నడక అది. కేబీఆర్ పార్కులో రోజూ నడిస్తే కాళ్లకు బలం వస్తుంది గానీ, కాళ్ల కింద మంచు పలక విరిగితే ఏం చేయాలో రాదు. ఈ లాగ్ ఆ ఒక్క విషయం కోసమే.

ముందు బుర్రకెక్కించుకున్నది 1-10-1. చల్లనీళ్లలో తానే దిగి పరిశోధనలు చేసిన కెనడా శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. నీళ్లలో పడ్డాక ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం. చేతులూ కాళ్లూ మన మాట వినేది ఇంచుమించు 10 నిమిషాలు. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. పడగానే గడ్డకట్టి చచ్చిపోతామని చాలామంది అనుకుంటారు. ప్రాణం తీసే అవకాశం ఎక్కువున్నది ఆ మొదటి నిమిషానికే. చల్లనీళ్లు తగలగానే మన ప్రమేయం లేకుండా ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాగుతుంది. అప్పుడు నోరు నీళ్ల కింద ఉందంటే అంతే సంగతులు.

నవంబరు

మేడ మీద 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, ఐస్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన దిమ్మ, అక్వేరియం థర్మామీటరు. నీళ్లు 12 డిగ్రీలకు దిగాక మెడ దాకా కూర్చోవడం, రెండు మూడు నిమిషాల్లో లేచిపోవడం. ఊపిరి ఎగదన్నడం 10-15 డిగ్రీల నీళ్లలోనే దాదాపు పూర్తిస్థాయిలో ఉంటుంది కాబట్టి హైదరాబాద్‌లోనూ ఈ సాధన పనికొస్తుంది. ఇలా అయిదారు సార్లు కూర్చుంటే ఆ తీవ్రత సగం దాకా తగ్గుతుందని పోర్ట్స్‌మత్ యూనివర్సిటీలో మైక్ టిప్టన్ బృందం చూపించింది. నాకూ తేడా తెలుస్తోంది. మొదట్లో మాట పెగిలేది కాదు, ఇప్పుడు బావతో మాట్లాడుతూ కూర్చోగలుగుతున్నా. "పీల్చడం సంగతి వదిలెయ్, ముందు ఊపిరి బయటికి వదులు" అని బావ పక్కనే నిలబడి గుర్తుచేస్తుంటాడు. ఒంటరిగా మాత్రం ఎవరూ దిగొద్దు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అసలే వద్దు.

ఇదే నెలలో ఐస్ పిక్స్, అంటే నీళ్లలోంచి పైకి పాకడానికి మంచులో గుచ్చి పట్టుకునే మేకుల పిడులు, తయారుచేశాం. రాణిగంజ్‌లో గట్టి మేకులు కొని, చీపురు కర్రను జానెడు ముక్కలుగా కోసి, రంధ్రం వేసి అరాల్డైట్‌తో బిగించాం. తల కోసేసి ఆకురాయితో మొన తీశాం. బయటికి సెంటీమీటరున్నర చాలు. మొనకు కార్కు, రెండింటినీ కలుపుతూ తాడు. ఆ తాడు మెడలో వేసుకుంటే చేతికి అందేంత దూరంలో ఉంటాయి, బ్యాగులో పెడితే దండగ. ఐసు దిమ్మ మీద గుచ్చి చూశాం. మొన తీయని మేకు తెల్లగా గీరుకుంటూ జారిపోయింది. మొన తీసింది టక్కున దిగి, ఒళ్లంతా బరువేసి లాగినా కదల్లేదు.

డిసెంబరు

పూల్ మూసే సమయంలో కోచ్ అనుమతితో, ఉతికిన జాకెట్, ప్యాంటు వేసుకుని దిగుతున్నాం. పూల్ గట్టు గట్టిగా ఉంటుంది, మంచు అంచు విరుగుతూ వస్తుంది. అందుకే తేలే ఫోమ్ మ్యాట్‌ని ఇద్దరితో పట్టించి దాని మీదికి ఎక్కుతున్నాం. చేతులతో పైకి లేస్తే మ్యాట్ మునుగుతోంది. "చేతులతోని గుంజకన్నా, కాళ్లు కొట్టు!" అని కోచ్ అరుపు. ఆయనదే కరెక్ట్. కాళ్లు వెనక్కి చాచి ఈత కొడుతూ ఒంటిని నీళ్ల మీద అడ్డంగా తెచ్చాకే ముందుకు జారాలి. బట్టల్లో చిక్కిన గాలి మొదట తేలడానికి సాయపడుతుంది, బరువు తెలిసేది నీళ్లలోంచి బయటికొచ్చేటప్పుడే. వచ్చిన వైపుకే తిరగాలి, ఎందుకంటే అప్పటిదాకా మన బరువు మోసింది ఆ మంచే. పైకి వచ్చాక లేచి నిలబడొద్దు, దొర్లుకుంటూ దూరం పోవాలి. ఎక్కలేకపోతే చేతులు మంచు మీద చాచి కదలకుండా ఉంచాలి. స్లీవ్‌లు మంచుకు అతుక్కుంటే స్పృహ తప్పినా మునిగిపోకుండా పట్టి ఉంచుతాయి.

ఒడ్డునున్నవాడి పని తాడు విసరడం. దగ్గరికి పరుగెత్తితే ఇద్దరూ పోతారు.

చెరువు మీద స్వచ్ఛమైన గట్టి మంచు కనీసం 10 సెంటీమీటర్లు ఉంటేనే ఒక మనిషి నడవొచ్చు. తెల్లగా గాలి బుడగలతో ఉన్నదైతే దానికి రెట్టింపు మందం కావాలి. కింద నీళ్లు పారే నదికి ఈ లెక్క నమ్మలేం. రాళ్ల పక్కన, ప్రవాహం జోరున్న చోట మంచు పల్చబడుతుంది. అక్కడ స్థానిక గైడ్ కర్రతో కొట్టి చూసి వేసిన అడుగులోనే మన అడుగు. మనిషికీ మనిషికీ దూరం, బ్యాగు నడుం బెల్టు ఊడదీసి ఉంచడం.

ఈ వారం వాటర్‌ప్రూఫ్ సంచి సర్దాను: ఉన్ని థర్మల్స్, సాక్స్, గ్లవ్స్, టోపీ, స్లీపింగ్ బ్యాగ్. బయటికొచ్చిన మనిషి తడి బట్టలు వెంటనే మార్చి, నెమ్మదిగా పడుకోబెట్టి కప్పాలి. మద్యం పట్టించొద్దు, చేతులూ కాళ్లూ రుద్దొద్దు. స్పృహలో ఉండి మింగగలిగితే వేడి తీపి టీ ఇవ్వొచ్చు. ఆదివారం బావ గ్లవ్స్ తొడుక్కుని పిక్స్ కార్కులు పళ్లతో పీకడం సాధన చేస్తాడు.